డార్క్‌రూమ్‌లో కొత్తిమీర

తాడిపత్రి మార్కెట్ రోడ్డులో
ముంతాజ్ స్టూడియో వెనక గదికి
పదహైదేండ్లు తాళమే.
సెల్‌ఫోన్లొచ్చినాక
చీకటితో ఎవరికీ పనిలేకపోయె.

గడియ తీస్తే ఇంకా అదే పుల్లటి వాసన.
ఎర్రబల్బు హోల్డరులో సాలెపురుగు కాపురం.
గోడ మీద బొగ్గుతో నాయన రాత:
నిమిషంన్నర. తొందరపడొద్దు.

ఆ హోల్డరుకే ఇప్పుడు ఊదారంగు లైటు.
డెవలపర్ తొట్లు మూడూ తోమి
నల్లబండ అరుగు మీద పెట్టి
థర్మాకోల్ మూతలకు బొక్కలు పొడిచి
ఒక్కో బొక్కలో ఒక్కో నారు.
కొత్తిమీర, పొదీనా, సిర్రాకు,
మూలకు రెండు టమాటా మొక్కలు.
మన్ను లేదు, పేడ లేదు.
ఒక తెల్లపొడి, ఇంకో తెల్లపొడి
గ్రాముల లెక్కన నీళ్లలో కలపడం.
అది నాకు కొత్తగాదు.
ఫోటోల మందు తూచిన త్రాసే
మొక్కల మందు తూస్తాండాది.

బోరు నీళ్లు పనికిరావు.
మా బిందెలకే తెల్లగా పక్కు కడతాది,
ఇంక వేర్లకు కట్టదా?
ఎదురు ఏటీఎం ఏసీ
రాత్రంతా కార్చే బొట్లు పట్టుకొస్తా.
వాచ్‌మెన్ వన్నూరప్పకు నవ్వు:
"ఊరంతా ఈడికి డబ్బుకొస్తారు,
నువ్వొక్కనివి బక్కెట్టు తెస్తివి."

ఆరో రోజు మూత ఎత్తి చూసినా.
నీళ్లలో ఏదో తేలుతాండె.
ముందు ఒక గీత. గీతకు ఇంకో గీత.
తొట్టిలో కాగితం మీద
మొదట జుట్టు,
ఆపైన కనుగుడ్లు,
చివరాఖరికి మనిషి తేలొచ్చినట్టే.
కాకపోతే అప్పుడు నల్లగా, ఇప్పుడు తెల్లగా.
చాన్నాళ్లకు ఊపిరి బిగబట్టినా.

టమాటా మాత్రం ఏడిపించె.
పూసేది, రాలేది.
తేనెటీగ ఈ గదికి ఎట్లొస్తాది?
సొరుగులో సున్నా నంబరు కుంచె దొరికె,
ఎందరు పెండ్లికొడుకుల మొగాల మీదో
అమ్మవారి మచ్చలు మాపిన కుంచె.
దాని మొనతో పువ్వుపువ్వుకూ పుప్పొడి అద్దినా.
పదకొండు కాయలు!
రసూల్‌బీ అన్నీ ఒకేసారి పప్పులో వేసి
రెండు వేల కరెంటుబిల్లు పప్పని పేరు పెట్టె.

ఆ వారమే కుళ్లాయప్ప వచ్చినాడు
పెద్దపప్పూరు దిక్కు నుంచి,
పంట బీమాకు పాస్‌పోర్టు ఫోటోకని.
శెనిక్కాయ ఈసారీ పోయిందంట,
ఊడలు దిగే పొద్దుకు
వాన మొగం చాటేసిందంట.
"లోపల ఆ వెలుగేంది సాబూ?"

మూత ఎత్తి చూపించినా.
ఆయన తల పక్కకు తిప్పుకున్యాడు,
ఆడోళ్లు నీళ్లు పోసుకునే తావుకు
తెలీక వచ్చినట్టు.
"వేరు చూడగూడదప్పా" అన్యాడు మెల్లగా,
"మా తావ వేరు కండ్లబడిందంటే
పైరు పోయినట్టే."
తర్వాత ఆయనే వంగినాడు.
శానాసేపు వంగే ఉన్నాడు.
"ఎకరాకు ఎన్ని బక్కెట్లు పడ్తాయి?"
నా తావ జవాబు లేదు.

అప్పుడే కరెంటు పోయె.
గాలిపంపు గురక ఆగిపోయె.
పాతకాలపు చీకటి, పిడికెడు కూడా తగ్గలేదు.
ఆ చీకట్లో సలసలమని చప్పుడు.
ఆయనే, ఎవరూ చెప్పకుండానే,
చేత్తో నీళ్లు కదిలిస్తాండాడు.
నాయన తొట్టి ఊపిన వాటమే:
అటు, ఇటు, అటు.
నేను రెండో తొట్టి కాడికి తడుముకుంటా పోతి.
ఎంతసేపని ఇద్దరం లెక్కబెట్టలేదు.

పోతా పోతా
ఫోటోలకు ముప్పై లెక్కబెట్టిచ్చి
పొదీనా కట్ట మాత్రం ఊరికే తీసుకున్యాడు.

ఫోటో అయితే
హైపోలో ముంచి ఆడికే ఆపేసేటోన్ని.
కొత్తిమీర మాట వినదు.
ఆకు సన్నబడి, కాడ లేచి
నిన్నటికి తెల్లగా పూత తీసె.
ఇంక కూరకు రాదు.
కోసేద్దామని కత్తెర తెచ్చి
అట్లే నిలబడినా.

వంటింట్లో నుంచి రసూల్‌బీ
రెండుసార్లు కేకేసె.